మడత కత్తి కొనేటప్పుడు బ్లేడు కాదు, కీలు చూడండి



ఆవు గురించి, జీవామృతం గురించి, దేశీ విత్తనాల గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. రోజూ జేబులో ఉండే పనిముట్టు గురించి మాత్రం ఎవరూ అడగరు. ఈ పాఠం మడత కత్తి మీద. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు మన పొలాల్లో ఎలాంటి మడత కత్తి ఆగుతుంది, షాపులో నిలబడి దాన్ని ఎట్లా పరీక్షించాలి, కొన్నాక ఎట్లా కాపాడుకోవాలి అన్నది వరుసగా చెప్తాను. చేత్తో చూపించాల్సినవి వీడియోలో చూపించాను. లెక్కలు, కారణాలు ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక్క మాట. షాపులో మనమంతా మొదట బ్లేడు చూస్తాం. తళతళ మెరుస్తుందా, వేలితో తాకితే పదునుందా అని. కానీ మడత కత్తిలో ముందు చెడిపోయేది బ్లేడు కాదు, అది మడిచే చోటు. అంటే కీలు. బురద చేరేది అక్కడే, జంగు మొదలయ్యేది అక్కడే, రోగం దాక్కునేది అక్కడే. కీలు జారితే తెగేది మన వేలే. పదును పోతే ఐదు నిమిషాల్లో మళ్లీ పెట్టుకోవచ్చు. వదులైన కీలును బాగు చేసుకోవడం అన్నిసార్లూ కుదరదు.

మన పొలంలో ఈ కత్తికి పనేమిటి?

కొనే ముందు, రోజు మొత్తంలో కత్తి ఎన్నిసార్లు తీస్తామో లెక్క వేసుకోండి. బస్తా మూతి సుతిలి కోయాలి. డ్రిప్ పైపు ముక్క చేయాలి. పందిరికి కట్టిన పాత తాడు తెంపాలి. నీమాస్త్రం, బ్రహ్మాస్త్రం, దశపర్ణి కషాయాలకు వేప, సీతాఫలం, కానుగ, ఆముదం, ఉమ్మెత్త, జిల్లేడు రెమ్మలు కోయాలి. బత్తాయి, నిమ్మ తోటలున్నవాళ్లు ఎండు పుల్లలు, నీటి కొమ్మలు తీయాలి. మధ్యాహ్నం ఒక జామకాయో దోసకాయో కోసుకోవాలి.

వీటిలో ఏదీ పెద్ద బలం అడిగే పని కాదు. బొటనవేలి కంటే లావుగా ఉన్న కొమ్మకు కొడవలో రంపమో కావాలి. కొబ్బరి బొండానికి కత్తి వేరే. డ్రమ్ము మూత ఎత్తడానికి, స్క్రూ తిప్పడానికి, మట్టి తవ్వడానికి మడత కత్తిని వాడితే ముందు కీలు వదులవుతుంది, తర్వాత కొన విరుగుతుంది. ఎంత మంచి కంపెనీదైనా ఇంతే.

మన నేలలను కూడా చూడాలి. కోదాడ, మిర్యాలగూడ వైపు నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి బురద. ఆయకట్టు దాటితే సూర్యాపేట వైపు చల్కా నేలల్లో సన్న ఇసుక. బురద కీలులో ఎండితే గట్టిపడుతుంది. ఇసుక చేరితే లోపలి ఇనుమును ఆకురాయిలాగా గీకుతుంది. అందుకే మనకు కావాల్సింది నీళ్లు పోస్తే లోపల్నుంచి మట్టి బయటికి వచ్చేసే కత్తి.

లాకుల్లో నాలుగు రకాలు

మొదటిది, లాకు లేనిది. వెనక ఒక స్ప్రింగు పట్టీ బ్లేడును నొక్కి పట్టుకుంటుంది, అంతే. పండ్లు కోయడానికి, సుతిలి తెంపడానికి చాలు. కానీ కొనతో పొడిచే పని చేసినా, బ్లేడు వెన్ను మీద దెబ్బ పడినా అది వేళ్ల మీదికి మూసుకుంటుంది. పొలం పనికి ఒకే కత్తి కొంటున్నవాళ్లు దీన్ని తీసుకోవద్దు.

రెండోది, లైనర్ లాకు. కత్తి తెరవగానే పిడి లోపలున్న పల్చటి రేకు పక్కకు జరిగి బ్లేడు మడమ కింద అడ్డం పడుతుంది. ఒక్క చేత్తో మూయొచ్చు. వెనక భాగం తెరిచి ఉన్నవి దొరుకుతాయి కాబట్టి కడగడం సులువు. జాగ్రత్త ఒక్కటే: మూసేటప్పుడు రేకును నొక్కే బొటనవేలు బ్లేడు దారిలో ఉంటుంది. బ్లేడు కదలగానే వేలు తీసెయ్యాలి.

మూడోది, బ్యాక్ లాకు. పిడి వెన్ను మీద నొక్కే మీట ఉంటుంది. పట్టు గట్టిది, మూసేటప్పుడు వేళ్లు బ్లేడుకు దూరంగా ఉంటాయి. కానీ మీట కొన వచ్చి కూర్చునే చిన్న గాడిలో బురద ఎండితే లాకు పూర్తిగా పడదు. పడినట్టే కనిపిస్తుంది, ఒత్తిడి వస్తే జారుతుంది. ఈ రకం వాడేవాళ్లు ఆ గాడిని వారానికోసారి పుల్లతో శుభ్రం చేసుకోవాలి.

నాలుగోది, రింగు లాకు. కీలు చుట్టూ ఒక ఇనుప గాజు ఉంటుంది. తెరిచి తిప్పితే బ్లేడు మూసుకోదు. దీనికి ప్రపంచంలో పేరున్న ఉదాహరణ ఫ్రాన్స్ రైతుల ఒపినెల్ కత్తి. సవాయ్ అనే కొండ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో దీన్ని తయారుచేయడం మొదలుపెట్టాడు. రింగు మాత్రం 1955లో వచ్చి చేరింది. కొయ్య పిడి, ఒక బ్లేడు, ఒక సీల, ఒక రింగు. అంతకు మించి అందులో ఏమీ లేదు, అందుకే ఆగింది. అయితే కొయ్య పిడికి ఒక గుణం ఉంది: వానలో నానితే ఉబ్బి బ్లేడును పట్టేసుకుంటుంది. వరి బురదలో రోజంతా ఉండేవాళ్లకు ఇది ఇబ్బంది. మెట్ట పొలాలకు, తోటలకు బాగుంటుంది.

బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేవి, పది పనిముట్లు ఒకే పిడిలో కూర్చినవి మన పనికి వద్దనే నా సలహా. ఎన్ని కీళ్లుంటే అన్ని చోట్ల మట్టి చేరుతుంది.

ఉక్కు సంగతి

ఉక్కు అంటే ఇనుములో కొద్దిగా కార్బన్ కలిసినది. కార్బన్ పెరిగితే పదును ఎక్కువసేపు నిలుస్తుంది, కానీ పెళుసుతనం పెరుగుతుంది. క్రోమియం సుమారు 10.5 శాతం దాటితే దాన్ని స్టెయిన్‌లెస్ అంటాం. జంగు తొందరగా పట్టదు. అసలే పట్టదని కాదు.

ఈ విద్య మనకు కొత్తది కాదు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మన కమ్మరులు మూసలో కరిగించి తీసిన ఉక్కును ఇరాన్ వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ప్రపంచం దాన్ని వూట్జ్ అని పిలిచింది. తెలుగు, కన్నడ భాషల్లోని ఉక్కు అన్న మాటే అట్లా మారిందని పండితులు చెప్తారు. అందులో కార్బన్ ఒక శాతం దాటి ఉండేది. డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చింది ఆ ఉక్కే. కార్బన్ ఎంత ఉండాలి, ఎంత కాల్చాలి, ఎట్లా చల్లార్చాలి అన్నది తెలిసినవాడి చేతిలోనే ఉక్కు కత్తి అవుతుంది.

ఇప్పుడు షాపులో దొరికే చాలా మడత కత్తుల బ్లేడు మీద ఒక గుర్తు చెక్కి ఉంటుంది. చైనా ఉక్కుకు దాన్ని చదవడం చాలా సులువు. 3సీఆర్13 అని ఉంటే కార్బన్ సుమారు 0.3 శాతం, క్రోమియం 13 శాతం. 5సీఆర్15 అంటే 0.5, 15. 8సీఆర్13 అంటే 0.8, 13. అంటే మొదటి అంకె పదును ఎంతసేపు నిలుస్తుందో చెప్తుంది, చివరి అంకె జంగును ఎంత ఆపుతుందో చెప్తుంది. పొలం పనికి 5 నుంచి 8 మధ్య ఉన్నది తీసుకోండి. 3 ఉన్నది పండ్లకు సరే, తాళ్లకు, పైపులకు రోజూ సాన పట్టాల్సి వస్తుంది. ఏ గుర్తూ లేకుండా ఉత్త "స్టెయిన్‌లెస్" అని మాత్రమే రాసి ఉంటే, అది మెత్తటి ఉక్కు అనుకుని దానికి తగ్గ ధరే పెట్టండి.

స్టెయిన్‌లెస్ కాని కార్బన్ ఉక్కు కత్తి సానకు త్వరగా లొంగుతుంది, పదును బాగా ఎక్కుతుంది. కానీ నిమ్మ, బత్తాయి రసం తగిలితే నల్లబడుతుంది. ఆవు మూత్రంలో ఉప్పులుంటాయి, తుడవకుండా వదిలేస్తే తెల్లారేసరికి జంగు కనిపిస్తుంది. రోజూ జీవామృతం కలిపే చేతికి స్టెయిన్‌లెస్ మేలు. తోట పని ఎక్కువగా ఉండి, సాయంత్రం తుడిచి నూనె రాసే ఓపిక ఉన్నవాళ్లకు కార్బన్ ఉక్కు మేలు.

సైజు, పిడి

బ్లేడు పొడవు 3 నుంచి 3.5 అంగుళాలు చాలు. మందం వెన్ను దగ్గర 2 నుంచి 3 మిల్లీమీటర్లు. 4 మిల్లీమీటర్లు ఉన్నవి చేతికి గట్టిగా అనిపిస్తాయి, కానీ కొమ్మను కోయవు, చీలుస్తాయి. పళ్ల అంచు ఉన్న బ్లేడు తాళ్లను బాగా తెంపుతుంది కానీ మామూలు సానరాయి మీద పదును పెట్టలేం. కొమ్మ మీద గాయం కూడా చిందరవందరగా పడి ఆలస్యంగా మానుతుంది. కాబట్టి సాదా అంచు తీసుకోండి.

పిడి నున్నగా ఉండొద్దు. చేయి తడిపి పట్టుకుని చూడండి, జారకూడదు. రంగు నారింజో ఎరుపో అయితే ఇంకా మంచిది. నలుపు, ఆకుపచ్చ పిడి గడ్డిలో పడితే దొరకదు. పోతే డబ్బు పోయిందని కాదు, ఎండుగడ్డిలో కలిసిన కత్తి పశువు ముందుకో గడ్డి కోసే మిషన్‌లోకో పోతుంది. పిడి చివర రంధ్రం ఉన్నది కొని, దానికి ఎర్ర తాడు కట్టి నడుముకో జేబుకో ముడి వేసుకోండి.

షాపులో చేయాల్సిన ఐదు పరీక్షలు

ఒకటి: కత్తి పూర్తిగా తెరిచి, బ్లేడును వెన్ను వైపు పట్టుకుని కుడి ఎడమలకు కదిలించండి. కొత్త కత్తిలోనే లొటలొటలాడితే పక్కన పెట్టేయండి.

రెండు: లాకు వేసి, వేళ్లు బ్లేడు మూసుకునే దారిలో లేకుండా పిడిని పట్టుకుని, బ్లేడు వెన్నును చెక్క బల్ల మీద మెల్లగా నాలుగైదు సార్లు తట్టండి. లాకు జారితే ఆ కత్తి వద్దు. ఇది ఎట్లా పట్టుకోవాలో వీడియో చూసి చేయండి, తొందర వద్దు.

మూడు: మూసి చూడండి. కొన పూర్తిగా పిడి లోపల మునిగి ఉండాలి. కొంచెం బయటికి ఉన్నా జేబూ తెగుతుంది, చేయీ తెగుతుంది.

నాలుగు: మూసిన కత్తిని వెలుతురుకు అడ్డం పెట్టండి. పిడి వెనక నుంచి వెలుతురు కనిపిస్తే నీళ్లు పోతాయి, మట్టి వస్తుంది.

ఐదు: కీలు దగ్గర స్క్రూ ఉందా, సీల కొట్టి ఉందా చూడండి. స్క్రూ ఉంటే వదులైనప్పుడు బిగించుకోవచ్చు, విప్పి కడగొచ్చు. దానికి సరిపోయే చిన్న స్క్రూడ్రైవర్ కూడా అప్పుడే అడిగి తీసుకోండి.

షాపువాళ్లు ఈ పరీక్షలు చేయనివ్వకపోతే ఇంకో షాపుకు పోండి. ఫోటో చూసి ఆన్‌లైన్‌లో తెప్పించేవాళ్లు, వాపసు చేసే వీలున్నప్పుడే తెప్పించి, ఇంట్లో ఇవే పరీక్షలు చేయండి.

విషపు ఆకులకు ఒకటి, తినే పండుకు ఒకటి

ఇది మన పద్ధతి రైతులకు ప్రత్యేకంగా చెప్పాలి. దశపర్ణికి ఉమ్మెత్త, జిల్లేడు, గన్నేరు కోసిన కత్తితో అట్లాగే జామకాయ కోసుకుని తినకూడదు. ఉమ్మెత్త, గన్నేరు మనిషికి కూడా విషమే. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. బ్లేడు తుడిస్తే సరిపోదు, కీలు సందులో పాలు ఎండి ఉంటాయి. నేను రెండు కత్తులు వాడతాను. ఎర్ర తాడున్నది ఆకులకు, తాడు లేనిది తిండికి. ఇంట్లో పిల్లలకు కూడా ఈ గుర్తు చెప్పి ఉంచాను. రెండు ఖరీదైనవి కొనక్కర్లేదు. తిండి కత్తికి లాకు లేని చిన్న చాకు చాలు.

చెట్టు నుంచి చెట్టుకు రోగం మోసేది కత్తే

బత్తాయి, నిమ్మ తోటలున్నవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. ఎక్సోకార్టిస్ అనే రోగం ఉంది. దీనికి కారణం వైరస్ కంటే కూడా చిన్నదైన వైరాయిడ్. దీన్ని పురుగులు మోయవు. అంటు కట్టే కన్నుతో వస్తుంది, లేదంటే కత్తిరించే పనిముట్లతో వస్తుంది. బత్తాయి కొమ్మలో ఏ గుర్తూ కనిపించకపోవచ్చు. రంగపూర్ నిమ్మ వేరుమూలం మీద కట్టిన చెట్టయితే కింద బెరడు పగిలి పొరలుగా లేస్తుంది, చెట్టు గిడసబారుతుంది. వచ్చాక మందు లేదు. మన దగ్గర కషాయమూ లేదు.

బ్లేడును మంట మీద చూపించడం, స్పిరిట్‌తో తుడవడం దీన్ని నమ్మకంగా ఆపలేవు. బ్లీచ్ ఆపుతుంది. ఇళ్లలో వాడే ద్రవ బ్లీచ్ 1 పాలు, నీళ్లు 9 పాలు కలిపి చిన్న డబ్బాలో ఉంచుకోండి. ఒక చెట్టు అయ్యాక బ్లేడును కీలుతో సహా ముంచి తీసి, మంచినీళ్లతో కడిగి, తుడిచి, అప్పుడు రెండో చెట్టుకు పోవాలి. బ్లీచ్ ఉక్కును తింటుంది, కాబట్టి సాయంత్రం బాగా కడిగి ఆరబెట్టి నూనె రాయాలి.

"బ్లీచ్ రసాయనం గదా, మన పద్ధతికి విరుద్ధం కాదా?" అంటారు. మనం దాన్ని నేలకు వేయడం లేదు, ఇనుముకు వాడుతున్నాం. అయినా రెండు జాగ్రత్తలు తప్పనిసరి. మిగిలిన ద్రావణం చేలో పారబోయొద్దు, జీవామృతం డ్రమ్ము దగ్గరికి అసలే తీసుకుపోవద్దు. మనం పెంచుతున్న సూక్ష్మజీవులను అది చంపుతుంది. రెండోది ఇంకా ముఖ్యం: ఆవు మూత్రం అంటిన కత్తిని నేరుగా బ్లీచ్‌లో ముంచొద్దు. మూత్రంలోని అమ్మోనియా బ్లీచ్‌తో కలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే వాయువు పుడుతుంది. ముందు నీళ్లతో కడగండి, తర్వాతే బ్లీచ్. డబ్బా ఎప్పుడూ గాలి ఆడే చోట, పిల్లలకు అందకుండా ఉండాలి.

అంటు కట్టడానికి మాత్రం మడత కత్తి వాడొద్దు. దానికి అంటు కత్తి వేరే ఉంటుంది, దాన్ని ఇంకే పనికీ తీయకూడదు.

సాయంత్రం మూడు నిమిషాలు

తెరిచి నీళ్ల ధార కింద పెట్టండి. పాత పళ్ల బ్రష్‌తో కీలు రుద్దండి. గుడ్డతో తుడిచి, తెరిచే ఉంచి ఆరనివ్వండి. తడి కత్తిని మూసి జేబులో పెడితే ఎంత మంచి స్టెయిన్‌లెస్ అయినా కీలు దగ్గర జంగు పడుతుంది. ఆరాక ఒక్క చుక్క కుట్టు మిషన్ నూనె. వంటనూనెలు చాలావరకు కొన్ని రోజులకు జిగురుగా మారి మట్టిని పట్టుకుంటాయి. తిండి కత్తి బ్లేడుకు మాత్రం కొబ్బరినూనె పల్చగా రాస్తే చాలు.

సానకు నీళ్లు పోసిన రాయి చాలు. బ్లేడును రాయి మీద సుమారు 20 డిగ్రీల వాలులో పెట్టి, రెండు వైపులా సమంగా రుద్దండి. కాగితం చిరగకుండా కోస్తే పదును వచ్చినట్టు. తిరిగే గ్రైండర్ చక్రానికి ఇవ్వొద్దు. పల్చటి అంచు క్షణంలో కాలిపోతుంది. అంచు నీలం రంగు తిరిగిందంటే దాని పానం పోయినట్టే. ఆ తర్వాత ఎంత సాన పట్టినా పదును నిలవదు.

మంచి లాకు దొరక్కపోతే?

అప్పుడు మడత కత్తే వద్దు. ఊళ్లో కొలిమి ఇంకా నడుస్తుంటే కమ్మరి దగ్గరికి పోండి. హైదరాబాద్ - విజయవాడ రోడ్డు పక్కన లారీల పాత కమాను పట్టీలకు కొదవ లేదు. అందులో కార్బన్ సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది, సాగి నిలబడే గుణం ఉంది. 4 అంగుళాల బ్లేడు కొట్టించి, పానం పెట్టించి, తోలు ఒర కుట్టించుకోండి. కీలే లేని కత్తికి కీలు భయం లేదు. నడుముకు కొంచెం బరువు, అంతే తేడా.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. ఆయుధాల నిబంధనల ప్రకారం బ్లేడు 9 అంగుళాల కంటే పొడవైనా, 2 అంగుళాల కంటే వెడల్పైనా అది ఆయుధాల జాబితాలోకి వస్తుంది. ఇంటి పనికి, వ్యవసాయానికి తయారైనవాటికి మినహాయింపు ఉంది. మన 3.5 అంగుళాల కత్తికి ఆ ఇబ్బంది లేదు. అయినా అది పొలం పనిముట్టు. సభలకు, కోర్టుకు, విమానం చేతిసంచిలోకి తీసుకుపోవద్దు.

తెగితే ఏం చేయాలి?

డ్రిప్ పైపును అరచేతిలో పట్టుకుని తన వైపుకు కోస్తేనే ఎక్కువ మందికి చేయి తెగుతుంది. పైపును కర్ర మీద ఆనించి, బ్లేడు ఒంటికి దూరంగా పోయేట్టు కోయండి. ఒకవేళ తెగితే ధారగా నీళ్లతో, సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకుని ఆసుపత్రికి పోండి. పేడ, మట్టి, సున్నం అద్దొద్దు. ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవి మట్టిలోనూ ఉంటుంది, పశువుల పేడలోనూ ఉంటుంది. పేడతో రోజూ పని చేసే మనం ఆ టీకా ఎప్పుడు వేయించుకున్నామో రాసి పెట్టుకోవాలి. అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే వేస్తారు. వేళ్లు మొద్దుబారినా, వంగకపోయినా కుట్లు వేసి సరిపెట్టుకోవద్దు. నరమో స్నాయువో తెగి ఉండొచ్చు, పెద్దాసుపత్రిలో చూపించాలి.

ఈసారి బజారుకు పోయినప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి: ముందు లాకు, తర్వాత కడగడానికి వీలు, తర్వాత ఉక్కు గుర్తు, తర్వాత పిడి పట్టు. మెరుపు చివర. ఇప్పటికే జేబులో కత్తి ఉన్నవాళ్లు కొత్తది కొనాల్సిన పని లేదు. ఇవాళ సాయంత్రం దాన్ని తెరిచి, మొదటి రెండు పరీక్షలు చేసి చూడండి. లాకు నిలిస్తే కడిగి నూనె వేసి వాడుకోండి. జారితే దాన్ని పక్కన పెట్టేయండి, ఇంట్లో పిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి.